అవ్వకు కుర్చీ వేయండి

శ్యామలమ్మకు వయసు ఏనాడూ కలిసిరాలేదు. కనగానపల్లిలో పుట్టి, తొక్కుడుబిళ్ళ గళ్ళలో ఒంటికాలి మీద గెంతుతూ పెరిగిన పిల్లను పన్నెండో ఏట ఒకనాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయి, "పెద్దదానివైతివి, ఇంక ఎగరాకు" అంది. చిలమత్తూరు దాపులోని పల్లెకు కోడలై వచ్చి, నలభై దాటాక మొదటిసారి కోలాటం కట్టెలు చేతబట్టుకుంటే అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. "పెండ్లీడుకొచ్చిన కొడుకును ఇంట్లో పెట్టుకోని ఎగరడమేందే? వయసు తెలవద్దా నీకు?" అని వీధంతా వినబడేలా అడిగింది. ఇప్పుడు అరవై ఎనిమిది. పన్నెండేళ్ళకే ఎక్కువైన వయసు అరవై ఎనిమిదికి తక్కువవుతుందా! అడిగేవాళ్ళు మారారు గానీ అడిగే మాట మాత్రం అదే.

ఆ రోజుల్లో పల్లెలో భజన అంటే మగవాళ్ళదే. హిందూపురం నుంచి ఒక గురువు వచ్చి సాయంత్రాలు చెక్క భజన, కోలాటం నేర్పేవాడు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ చూసేవాళ్ళు. శ్యామలమ్మ చేతులు ఒలుస్తూనే ఉండేవి, కాళ్ళు మాత్రం కింద అడుగులు వేసేవి. ఒకరోజు ఆమె ఒడిలో పొట్టు దులుపుకుని లేచి వెళ్ళి, "మాకు నేర్పకూడదా సామీ?" అని అడిగేసింది. గురువు గడ్డం గోక్కుని, "ఉద్ది కుదిరితే నేర్పుతా" అన్నాడు. ఉద్ది అంటే జత. కోలాటంలో ఎదురుగా నిలబడి కట్టెకు కట్టె తగిలించే మనిషి. ఆ ఉద్దిని వెతుక్కుంటూ శ్యామలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ కోలాటం అట్లా మొదలైంది.

ఇవాళ పల్లెకొక జట్టు, జట్టుకొక మ్యాచింగ్ చీర, చీర రంగు తేల్చుకోవడానికొక వాట్సాప్ గ్రూపు. గురువు పోయాక ఆయన కొడుకు గిరి హార్మోనియం అందుకున్నాడు. మొదట్లో శ్యామలమ్మతో ఎగిరినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆమె ఒక్కతే మిగిలింది. మిగలడమే ఆమె చేసిన తప్పు.

ఇంట్లో మొగుడు నాగన్న తంతు వేరు. పింఛను మొదలైన నెల నుంచే ఆయన ముసలితనాన్ని ఉద్యోగంగా పుచ్చుకున్నాడు. చేను కొడుకు చూసుకుంటాడు, ఈయన అరుగు చూసుకుంటాడు. ఎవరు పలకరించినా ముందొక మూలుగు, ఆ తర్వాతే మాట. ఇంట్లో మాంసం వండిన రోజున మాత్రం ఆ మూలుగు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు.

"నీకేంటికే ఈ వయసులో గజ్జెలు?" అంటాడు ఆమె కట్టెలు తీసుకుని బయల్దేరినప్పుడల్లా. "ముసిలోళ్ళకు దసరా పండగని ఊరంతా నగుతాండారు. గమ్మున ఒక మూల కుచ్చోని రామా కృష్ణా అనుకోరాదా?"

"ఆడ మేము పాడేదీ రాముణ్ణీ కృష్ణుణ్ణే. నువ్వు కుచ్చోని అను. నేను ఎగురుతా అంటా."

మొగుడి సణుగుడు ఆమెకు కొత్త కాదు, పట్టింపూ లేదు. ఆమెను కాల్చుకు తినేది సాధన దగ్గర జరిగేది. బడి ఆవరణలో సాయంత్రం సాధన. మనవరాలు వైష్ణవి కూడా జట్టులో ఉంది. హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చేతిలోంచి కట్టె జారిందంటే చాలు, అందరూ పకపకా నవ్వుతారు. "ఏం పాపా, ఎవురు గుర్తొచ్చిరి?" అని మమత ఎత్తిపొడుస్తుంది. మమత జట్టుకు ముందు నడిచే మనిషి. ముప్పై ఏళ్ళది, చురుకైనది, మనసు మంచిదే. ఆ మంచితనంతోనే అసలు చిక్కు.

అదే కట్టె శ్యామలమ్మ చేతిలోంచి జారితే ఎవరూ నవ్వరు. పాట ఆగిపోతుంది. "అవ్వకు కుర్చీ వేయండి" అని గిరి మైకులోనే అంటాడు. బడి వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చేస్తుంది. ఒకరు నీళ్ళ బాటిలు ఇస్తారు, ఒకరు కొంగుతో విసురుతారు. ఇంకొకరు చెవి దగ్గర నోరు పెట్టి, "బీపీ మాత్ర ఏసుకుంటివా అవ్వా?" అని అరుస్తారు. ఆమె చెవులకు ఏ లోటూ లేదు. మూడిళ్ళ అవతల పాలు పొంగినా వినబడుతుంది.

"కట్టె జారింది, అంతే! చెమట చెయ్యి!" అంటుంది ఆమె.

"ఔనౌను అవ్వా," అంటారు అందరూ.

ఆ ఔనౌను వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తిడితే తిరిగి తిట్టొచ్చు. జాలిపడితే ఏం చేయాలి? ఎంత కసిరినా వాళ్ళ ముఖాల్లో ఇంకా కాస్త జాలి పెరుగుతుందే తప్ప తరగదు. వైష్ణవి తప్పితే అది తప్పు. తాను తప్పితే అది వయసు. తప్పయితే రేపు దిద్దుకోవచ్చు. వయసును ఎక్కడికి తీసుకుపోయి దిద్దుకోవడం?

ఆ ఏడు పెనుకొండ తిరునాళ్ళలో ఆడమని జట్టుకు పిలుపు వచ్చింది. జడ కోపు ఆడాలని గిరి పట్టుబట్టాడు. కోపు అంటే కోలాటంలో ఒక వరస అడుగులు. అన్నిటిలోకీ జడ కోపు కష్టం. పైన ఒక కడియానికి రంగురంగుల తాళ్ళు వేలాడదీస్తారు. మనిషికొక తాడు. సగంమంది కుడికి, సగంమంది ఎడమకు తిరుగుతూ, ఎదురొచ్చిన ఒకరిని లోపలి నుంచి, తర్వాతి మనిషిని బయటి నుంచి దాటుకుంటూ పోవాలి. అట్లా పోతుంటే పైన తాళ్ళన్నీ జడగా అల్లుకుంటాయి. మళ్ళీ వెనక్కి అవే అడుగులు వేస్తే జడ విడిపోవాలి. ఒక్కరు తప్పినా అది జడ కాదు, చిక్కుముడి.

"నువ్వు హారతి పళ్ళెం పట్టుకోని ముందర నడువవ్వా," అంది మమత. "ఆమీట గిరన్న పక్కన కుర్చీలో కుచ్చోని తాళం ఎయ్యి. పెద్దరికం కదా, నువ్వు ముందరుంటే మాకు అందం."

"ముందరుంటే అందం, మధ్యలో ఉంటే కాదా?"

మమత నవ్వి ఊరుకుంది. అదృష్టమో ఏమో, జట్టులో ఒక పిల్లకు బెంగళూరు గార్మెంట్స్‌లో పని దొరికి ఉన్నపళంగా వెళ్ళిపోయింది. జత చెడింది. కోలాటంలో జత లేని మనిషి గాలిని కొట్టుకోవాల్సిందే. రెండు రోజులు అటూ ఇటూ అడిగి చూసి, ఎవరూ దొరక్క మమత ఇంటికొచ్చింది. "అవ్వా, నువ్వే దిక్కు. నిదానంగా ఎయ్యి, తప్పు పోయినా ఏమీ కాదులే" అంది. ఆడకముందే క్షమించేసింది! శ్యామలమ్మ పళ్ళు కొరుక్కుని సరేనంది. గతిలేక పిలిచినా పిలుపు పిలుపే. పెనుకొండలో అంతమంది ముందు ఒక్కసారి తప్పు లేకుండా ఆడితే చాలు, ఆ కుర్చీ పీడ జన్మలో మళ్ళీ తన వైపు రాదనుకుంది. ఇంట్లో గడప దగ్గర, చేని గట్టు మీద, పొయ్యి ముందు, ఎక్కడ నిలబడినా లోపలికొకటి బయటికొకటి అని అడుగులు వేసుకుంది.

చీరలకు హిందూపురం వెళ్ళారు. మిరపపండు ఎరుపు, ధర్మవరం పట్టును చూసి నేసిన పెద్ద జరీ అంచు. అంగట్లో మనిషి అందరికీ అదే చీర పరిచి, శ్యామలమ్మ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు. "పెద్దామెకు ఈ రంగేంటికిలేమ్మా, గంధం రంగు తీస్తా" అన్నాడు, ఆమెతో కాదు, మమతతో.

"ఏమప్పా, ఎరుపు నా మీద పడితే ఎలిసిపోతుందా?" అంది శ్యామలమ్మ.

ఆయన ఆమె వైపు చూడకుండానే నవ్వి, "ఒక్కపూట కట్టేదే కదా, కానీలే" అని మడత పెట్టాడు.

ఆ కోపంతోనే బజారులో రహమత్‌బీ గాజుల బండి దగ్గరకు వెళ్ళింది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే ఈడు. తిరునాళ్ళ తిరునాళ్ళకూ అంగడి వేసే రహమత్‌బీతో ఆమెది పాత స్నేహం. జరిగిందంతా చెబితే రహమత్‌బీ కడుపు పట్టుకుని నవ్వింది.

"ముసిల్దానివంటే నీకేమక్కా నష్టం? నన్ను జూడు. బస్సులో సీటిడుస్తారు. పోలీసాయప్ప బండి తీయమంటే రెండు దగ్గులు దగ్గుతా, ఉండులే అవ్వా అని పోతాడు. దేవుడు తెల్లజుట్టు ఇచ్చినాక దాన్ని ఊరికే పోగొట్టుకోవల్నా?"

"నీకు కుచ్చునే సీటు కావల్ల, ఇస్తారు. నాకు నిలబడే తావు కావల్ల. అదొక్కటి ఇయ్యరు."

రహమత్‌బీ నవ్వు ఆపేసింది. శ్యామలమ్మ చెయ్యి నొక్కి ఎర్రగాజులు ఎక్కించింది. "పెనుకొండకు నేనూ వస్తాండా. నీ ఎగురుడు చూసే పోతాలే" అంది.

తిరునాళ్ళ రోజు సందెవేళకు వ్యాన్‌లో పెనుకొండ చేరారు. కొండ మీద కోటగోడ ఇంకా ఎర్రగా కనబడుతుండగానే మైదానంలో పెద్ద లైట్లు వేశారు. తోడుగా వచ్చిన నాగన్న దిగీదిగగానే ముందు వరసలో ఒక కుర్చీ చూసుకుని, ఒక మూలుగు మూలిగి కూర్చున్నాడు. మొదటి కోపులు బాగా పడ్డాయి. కట్టెలన్నీ ఒకటే చప్పుడు. శ్యామలమ్మ ఒంట్లో ఎక్కడా బరువు లేదు. ఎర్రచీర, ఎర్రగాజులు, కాళ్ళకు గజ్జెలు, ముందర జనం. బతికితే ఇట్లా బతకాలి అనిపించిందామెకు.

తర్వాత జడ కోపు. ఆమెది గులాబీ రంగు తాడు. వైష్ణవిది నీలం, మమతది ఆకుపచ్చ. లోపలికొకటి, బయటికొకటి. జడ సగం దాకా చక్కగా అల్లుకుంది. జనం ఈలలు వేశారు. అంతలో ఎదురుగా వైష్ణవి వచ్చింది. ఇద్దరూ బయటి దారిలోనే ఉన్నారు. ఒకరు లోపల ఉండాలి. ఎవరో తప్పారు.

"అవ్వా! అవ్వా, లోపలికి!" అని గిరి మైకులో కేక పెట్టాడు.

ఎవరు తప్పారని శ్యామలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తానే అనుకుంది. వేరే ఎవరు తప్పుతారు? ముసలిది ఉండగా! కాళ్ళు ఆగిపోయాయి, చేతిలో తాడు జారిపోయింది. ఆమె ఆగడంతో వెనకవాళ్ళు వచ్చి తగులుకున్నారు, తాళ్ళు ముడిపడ్డాయి, పాట మధ్యలో తెగింది. ఆమె తలవంచుకుని వరస బయటికొచ్చేసింది. ఏం పుట్టి మునిగిందని నిర్వాహకుడొకడు మైకు అందుకుని, "పెద్ద వయసులో కూడా ఇంత ఉత్సాహంగా ఆడిన ఈ అవ్వకు చప్పట్లు కొట్టండి" అన్నాడు. జనమంతా కొట్టారు. ఆమె జన్మలో విన్న చప్పట్లలోకెల్లా పెద్దవి అవే. అంతకంటే నలుగురూ కలిసి ఆమెను చెప్పుతో కొట్టి ఉంటే బాగుండేది.

వెంటనే కుర్చీ వచ్చింది. పెనుకొండలో కూడా దొరికింది, మహాతల్లి! పక్కన దించిన తాళ్ళ కట్ట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. "కుచ్చోని చేసే పనే కదవ్వా, మెల్లగా చిక్కు తియ్యి" అని మిగిలిన కోపులు ఆడటానికి వెళ్ళిపోయారు.

రహమత్‌బీ గాజుల బుట్ట చంకన పెట్టుకుని వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "బాగానే పోతాంటివి కదక్కా. ఏమిటికి ఇడ్చితివి తాడు?" అంది.

"నువ్వు కూడా ఓదార్చాకు రహమత్‌బీ. నా వల్ల కాదు ఇంక వినేకి."

"ఓదార్చేదేముండాది? నువ్వు సరిగ్గా పోతాంటివి అంటాండా."

శ్యామలమ్మ తాళ్ళ కట్టను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. ఆమెకు నిజానికీ జాలికీ తేడా తెలియడం మానేసింది. రహమత్‌బీ బేరం పిలిస్తే లేచిపోయింది. శ్యామలమ్మ కళ్ళు తుడుచుకుంటూ తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. కింది నుంచి ఒక్కొక్క పోగూ వదులు చేసుకుంటూ ముడి దాకా వచ్చింది. తన గులాబీ తాడు ఒకసారి పైన, ఒకసారి కింద, మళ్ళీ పైన. తాను వదిలేసిన చోటు వరకూ ఒక్క తప్పు లేదు. మొదటి ముడి అంతకంటే ముందే పడింది. అక్కడ ఆకుపచ్చ తాడు రెండుసార్లు వరసగా కిందికే దూరి, వైష్ణవి నీలం తాడును బయటి దారికి నెట్టి ఉంది.

ఆమె ఆ ముడిని వేళ్ళతో పట్టుకుని, వెలుగులోకి ఎత్తి మళ్ళీ చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. గుమ్మడితోట మొహమే చూడని మనిషి భుజాలు తడుముకోవడం ఎక్కడైనా ఉందా? తాను చేసిన పని అదే.

ఆట ముగించుకుని మమత టీ గ్లాసు తెచ్చింది. "పోనీలే అవ్వా, మేమెవురమూ ఏమీ అనుకోలేదు" అంది.

"పచ్చ తాడు ఎవురిదే?" అంటూ శ్యామలమ్మ ముడి చూపించింది.

మమత వంగి చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, నాదేనా? లైట్లు కండ్లలో పడెనవ్వా, ఏమీ కనపడలా!" అని నవ్వేసింది. అంతే, అయిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నారట. మద్దెల మీదికి తోయడానికైనా చిన్న వయసు ఉండాలి కాబోలు. మమత అంతటితో ఊరుకోక, "నువ్వు తాడు ఇడ్చకుండా ఉంటే నేను వెనక్కి తిరిగి సర్దుకుంటాంటి. నువ్వేల ఇడ్చితివి?" అంది.

మమత మీద శ్యామలమ్మకు కోపం రాలేదు. గిరి మీద, మైకు మనిషి మీద, చీరల అంగడి వాడి మీద వచ్చిన కోపమంతా కలిపి తన మీదే వచ్చింది. ఇన్నేళ్ళూ వాళ్ళందరి నోళ్ళతో పోరాడింది. ఆ మాట ఎప్పుడు తన లోపలికొచ్చి కూర్చుందో చూసుకోలేదు. నలభై ఏళ్ళప్పుడు అత్త అంత అరిచినా కట్టె వదలలేదు. ఇప్పుడు ఒక్క 'అవ్వా' అనే కేకకు తాడు వదిలేసింది. తిరుగుదారిలో వ్యాన్‌లో నాగన్న, "చెప్తి కదే, ఈ వయసులో ఏమిటికని" అంటే, మొదటిసారిగా ఆమె ఎదురు చెప్పలేదు. ఆయనకే భయమేసి నోరు మూసుకున్నాడు.

కొన్నాళ్ళు సాధనకు పోలేదు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. మీ అవ్వకు ఒళ్ళు బాగలేదా అని వైష్ణవిని అడిగారట. అది విన్న సాయంత్రమే ఆమె కట్టెలు తీసుకుని బయల్దేరింది. బడి ఆవరణలో ఇంకా వెలుతురు ఉంది. ఎండ బడి కప్పు వెనక్కి దిగింది. వరస పక్కన కుర్చీ ముందే వేసి పెట్టారు. దాన్ని చూడనట్టు నటించి, కడియం నుంచి ఖాళీగా వేలాడుతున్న తన గులాబీ తాడు అందుకుంది.

పాట ఎత్తారు. లోపలికొకటి, బయటికొకటి. జడ కాస్త అల్లుకుందో లేదో, ఎదురుగా వచ్చిన మనిషి ఢీకొట్టినంత పనైంది.

"అవ్వా!" అని గిరి కేక.

ఆమె వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. ఈసారి ఆ వదలడం ఆమె చూసింది. కళ్ళముందే తన చెయ్యి తనను మోసం చేస్తోంది. తాడు మణికట్టుకు ఒక చుట్టు చుట్టి బిగించి పట్టుకుంది.

"నేను కాదు!" అని పాటను మించిన గొంతుతో అరిచింది.

అందరూ ఆగి తలలెత్తి చూశారు. జడలో గులాబీ తాడు వరసగా రెండుసార్లు పైకి పోయి కనబడుతోంది. తప్పు ఆమెదే.

ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. "అవ్వకు కుర్చీ..." అని గిరి మెల్లగా మొదలుపెట్టాడు.

"కుర్చీ వద్దు, గిర్చీ వద్దు," అంది శ్యామలమ్మ. పైన ముడి వైపు ఇంకోసారి చూసింది. తర్వాత మమత వైపు చూసింది. "లైట్లు కండ్లలో పడెను," అంది.

ఆ ఆవరణలో లైట్లే లేవు. మమత ముఖం ముందు ఎర్రబడింది, ఆ తర్వాత పెదవులు అదిరాయి. వైష్ణవి ఆగలేకపోయింది. "ఏమవ్వా, ఎవురు గుర్తొచ్చిరి?" అని పకాలున నవ్వింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని వరసంతా నవ్వింది. కుర్చీ పట్టుకోవడానికి కదిలిన మనిషి దాని మీద తానే కూలబడి నవ్వింది. ఎన్నో ఏళ్ళుగా ఆమెను చూసి ఎవరూ అట్లా నవ్వలేదు.

"నగింది చాలు," అంది శ్యామలమ్మ, నోరు బిగబట్టుకుని. "పాట ఎత్తప్పా గిరీ, మొదట్నించి."

గిరి హార్మోనియం తిత్తి లాగాడు. తాడు ఆమె మణికట్టుకు అట్లాగే చుట్టి ఉంది.